అర సెకను ఆగడానికి యూస్లీప్ వాడితే తప్పేంటి?

చుక్కాని:
సీ భాషలో సెన్సర్‌ను అర సెకనుకోసారి చదివే ప్రోగ్రామ్ రాస్తున్నా. స్లీప్(0.5) పెడితే అసలు ఆగలేదు. మైక్రోసెకన్లలో లెక్క తీసుకునే యూస్లీప్(500000) పెట్టాక బాగానే నడుస్తోంది. కోడ్ చూసిన సీనియర్ మాత్రం దాన్ని తీసేసి నానోస్లీప్ పెట్టమంటున్నారు. నడిచేదాన్ని ఎందుకు కెలకాలి?

పాతకాపు:
స్లీప్ పూర్ణాంకాలే తీసుకుంటుంది, 0.5 కాస్తా సున్నా అయిపోతుంది. జీసీసీ కంపైలర్ మామూలుగా కిక్కురుమనదు కూడా. యూస్లీప్ సంగతికొస్తే, ఉంచేయండి. లైనక్స్‌లో అది లోపల చేసేది నానోస్లీప్ పనే. ఒక్క లైను పనికి సెకన్లు, నానోసెకన్ల గడులున్న స్ట్రక్చర్ నింపుకుంటూ కూర్చోవడం దండగ.

బిట్‌గింజ:
పాతకాపు గారూ, యూస్లీప్‌ను పాజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) 2001లోనే కాలం చెల్లినదిగా ప్రకటించి 2008లో తీసేసింది. పది లక్షలు, ఆపైన ఇస్తే కొన్ని సిస్టమ్‌లలో ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. దానికన్నా పెద్ద తలనొప్పి సిగ్నల్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు మధ్యలో వచ్చే కబురు. అర సెకను నిద్రలో 0.2 సెకన్ల దగ్గర దాన్ని అందుకునే ఫంక్షన్ (సిగ్నల్ హ్యాండ్లర్) నడిచిందనుకోండి, యూస్లీప్ -1 ఇచ్చి లేచిపోతుంది, ఇంకెంత మిగిలిందో చెప్పదు. నానోస్లీప్ అయితే మిగిలిన 0.3 సెకన్లను రెండో ఆర్గ్యుమెంట్‌లో పెట్టి ఇస్తుంది.

పాతకాపు:
ఆయన ప్రోగ్రామ్‌లో హ్యాండ్లరే లేకపోతే? పైగా కొత్తవాళ్లు నానోస్లీప్‌లో చేసే ఘోరం చూడండి: ఒకటిన్నర సెకన్లకు నానోసెకన్ల గడిలో 1500000000 రాసేస్తారు. అక్కడ 999999999 దాటకూడదు. దాటితే ఒక్క క్షణం కూడా ఆగదు. రిటర్న్ విలువ ఎవరూ చూడరు, లూప్ సీపీయూను మొత్తం తినేస్తుంది.

నడిరేయి:
ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. ఆయనకు కావాల్సింది అర సెకను ఆగడం కాదు, అర సెకనుకోసారి చదవడం. చదవడానికి 8 మిల్లీసెకన్లు పడితే ఒక్కో చుట్టు 508 మిల్లీసెకన్లు. గంటకు 7200 రీడింగ్‌లు రావాల్సిన చోట 7086 వస్తాయి. యూస్లీప్ అయినా నానోస్లీప్ అయినా ఇంతే. పైగా స్లీప్ ఫంక్షన్లేవీ చెప్పిన టైముకు లేపుతామని మాటివ్వవు, అంతకుముందు మాత్రం లేపబోమని అంటాయి. (సిగ్నల్ వస్తే అదీ లేదు.)

క్లాక్_నానోస్లీప్ తీసుకోండి. మోనోటోనిక్ గడియారం (ఎప్పుడూ ముందుకే నడిచేది), టైమర్_ఆబ్స్‌టైమ్ ఫ్లాగ్. "ఇంతసేపు ఆగు" అనకుండా "ఫలానా క్షణం దాకా ఆగు" అనాలి. ప్రతి చుట్టూ ఆ క్షణానికి 500000000 నానోసెకన్లు కలిపి, నానోసెకన్ల గడి వంద కోట్లకు చేరితే ఆ వంద కోట్లు తీసేసి సెకన్లలో ఒకటి పెంచండి. మధ్యలో సిగ్నల్ లేపితే అదే క్షణంతో మళ్లీ పిలవడమే, మిగులు లెక్క అక్కర్లేదు. ఒక్క మెలిక: ఎర్రర్ నంబర్ మామూలుగా ఉండే ఎర్ర్‌నో వేరియబుల్‌లో ఉండదు, రిటర్న్ విలువగానే వస్తుంది.

బిట్‌గింజ:
ఒప్పుకుంటా. కాకపోతే మాక్‌లో క్లాక్_నానోస్లీప్ లేదు. అక్కడ గడియారం చదివి, మిగిలిన సమయం మనమే లెక్కగట్టి నానోస్లీప్‌కి ఇవ్వాలి.

పాతకాపు:
లెక్క సరే. ఎల్‌ఈడీ మినుకుమనిపించడానికి మాత్రం నేను యూస్లీప్ వదలను.

చుక్కాని:
నడిరేయి గారు చెప్పినట్టు మార్చా. ఇంప్లిసిట్ డిక్లరేషన్ (ముందు ప్రకటించని ఫంక్షన్ వాడారు) అని వార్నింగ్ వస్తోంది. కంపైల్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో సీ ప్రమాణం సీ99 అని ఉంది.

నడిరేయి:
సీ99 అంటే పాజిక్స్ ఫంక్షన్లను హెడర్ దాచేస్తుంది. గ్నూ99 (గ్నూ చేర్పులున్న సీ99) చేయండి, లేదా హెడర్లన్నిటికంటే ముందు _పాజిక్స్_సీ_సోర్స్‌ను 200112ఎల్‌గా డిఫైన్ చేయండి. యూస్లీప్‌కీ ఇదే వార్నింగ్ వచ్చి ఉండాలే, చూసుకోలేదా? జీసీసీ 14కి మారితే అది వార్నింగ్ కాదు, ఎర్రరే.