సెట్ (set) లాంటి ఇంగ్లిష్ మాటలకు సినానిమ్స్ (పర్యాయపదాలు) బట్టీ పట్టించాలా?

బాలాజీ కాలనీ టీచర్, తిరుపతి:
బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. ఏ మెటీరియల్ తెరిచినా ఒకటే పద్ధతి. ఎడమవైపు ఒక మాట, కుడివైపు నాలుగైదు సినానిమ్స్, రోజుకో పేజీ బట్టీ. సెట్ ఎదురుగా పుట్, ప్లేస్, ఫిక్స్, గ్రూప్, రెడీ అని ఉంది. అది కంఠతా పట్టిన ఒకమ్మాయి సూర్యుడు పడమట అస్తమిస్తాడని రాయాల్సి వచ్చి 'ది సన్ పుట్స్ ఇన్ ది వెస్ట్' అని రాసింది. చాలా తెలివైన పిల్ల. జాబితా చెప్పినట్టే రాసింది.

ఇదే మాటను తెలుగులో చెప్పి చూడండి. పొద్దు గుంకుతుంది. పెరుగు తోడుకుంటుంది, మన పల్లెల్లో పేరుకుంటుంది అంటారు. ఉంగరంలో రాయి పొదుగుతారు. అలారం పెడతారు. ప్రశ్నపత్రం తయారు చేస్తారు. ఖైదీని విడిచిపెడతారు. తెల్లవారుజామున బయల్దేరతారు. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ సెట్ వాడొచ్చు, కొన్నిటికి పక్కన అవుట్, ఫ్రీ లాంటి మాట చేరుతుంది. ఇక్కడ పుట్, ప్లేస్ ఎన్నిచోట్ల పనికొస్తాయి? ఈ జాబితాలు పూర్తిగా ఆపేయాలని నా వాదన.

చిత్తూరు అభ్యర్థి:
మేడమ్, మీరు చెప్పింది చదవడానికి బాగుంది. పరీక్ష హాల్లో పరిస్థితి వేరు. ఎస్ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. అందులో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఒక మాట ఇచ్చి దగ్గరి అర్థం ఎంచుకోమని నేరుగా అడుగుతారు. జాబితా చదివినవాడికి కొన్ని సెకన్ల పని.

ఇంకో సంగతి. మాది పల్లె, తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేపరు వచ్చే ఇంట్లో పెరిగినవాళ్లకు మాటలు వాక్యాల్లోంచే వచ్చేస్తాయి. మాకు ఆ వాక్యాలు ఎక్కడివి? జాబితా ఒక్కటే మా చేతికి అందింది. దాన్నీ తీసేస్తే నష్టపోయేది మేమే.

శ్రీకాళహస్తి అమ్మ:
మా బాబు ఏడో తరగతి. తెలుగులోనే చూడండి. కొండకు గిరి, అద్రి, పర్వతం, శైలం, అచలం అని పుస్తకంలో ఉంటుంది. తిరుపతిలో 'రేపు కొండకు పోతున్నాం' అంటే తిరుమలకే. 'రేపు పర్వతానికి పోతున్నాం' అని ఎవరైనా అంటారా? గిరి చంద్రగిరిలో ఉంది, అద్రి శేషాద్రి, అంజనాద్రి పేర్లలో ఉంది. దేని చోటు దానిదే. పిల్లలకు ఆ చోటు చెప్పకుండా మాట ఒక్కటీ చెబితే ఏం లాభం?

చిత్తూరు అభ్యర్థి:
అక్కా, అద్రి అంటే కొండ అని ఎవరో ఒకరు చెప్పబట్టే కదా అంజనాద్రి అర్థమైంది? జాబితా చేసే పని అదే.

సంస్కృత పాఠశాల పూర్వ విద్యార్థి, తిరుపతి:
మేం చిన్నప్పుడు సంస్కృత నిఘంటువు అమరకోశం వల్లించాం. అర్థం తర్వాత తెలిసింది, ముందు నోటికి వచ్చింది. ఈ వయసులో సంస్కృత శ్లోకం చదివితే ఆ వల్లింపే ఆదుకుంటోంది. కాబట్టి బట్టీని తక్కువ చేయకండి. అయితే అమరకోశంలో పర్యాయపదాలు విషయాల వారీగా వేర్వేరు వర్గాల్లో ఉంటాయి. ఒకే మాటకు పలు అర్థాలుంటే వాటికి మూడో కాండలో నానార్థ వర్గం ఉంది. మన పదో తరగతి తెలుగులో కూడా పర్యాయపదాలు వేరు, నానార్థాలు వేరు. కోచింగ్ పుస్తకాలు ఈ రెండింటినీ ఒకే వరుసలో కలిపేశాయి. గొడవ అక్కడుంది.

రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్, చిత్తూరు:
సరిగ్గా పట్టుకున్నారు నాయనా. సెట్ విషయంలో ఆ కలపడం మరీ అన్యాయం. క్రియగా సెట్ అంటే మొదట కూర్చోబెట్టడం. సిట్, సెట్ మన మారు, మార్చు లాంటి జంట. గుంపు అనే అర్థంలోని సెట్ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ సెక్టా నుంచి వచ్చింది, సెక్ట్ అనే మాటా అక్కడిదే. అంటే ఆ పేజీలో పుట్, గ్రూప్ పక్కపక్కనే ఉన్నా, అవి పుట్టుకలోనే వేరైన రెండు మాటలకు అర్థాలు. తర్వాత రెండూ కలిసిపోయాయి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 కూర్పులో సెట్‌కు దాదాపు 430 అర్థాలున్నాయి. తర్వాతి సవరణల్లో రన్ దాన్ని దాటింది, క్రియగానే 645. ఇంత చిన్న మాటలకు ఇన్ని అర్థాలెందుకు? ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలుంటాయని అమెరికన్ పండితుడు జార్జ్ జిప్ఫ్ 1945లోనే చూపించాడు. రోజూ నలిగే మాట కొత్త పనులకూ వాడుకలోకి వస్తుంది. అరుదైన మాట ఒక్క పనికే ఉండిపోతుంది.

1852లో పీటర్ మార్క్ రోజే తెచ్చిన థెసారస్ అనే ఇంగ్లిష్ పర్యాయపదాల పుస్తకం కూడా భావాల వారీగా కూర్చిందే. మనసులో భావం ఉండి, తగిన మాట వెతుక్కునేవారి కోసం చేశాడు. దాన్ని ముక్కలు చేసి మాట కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో పెడుతున్నాం.

బాలాజీ కాలనీ టీచర్:
సార్ చెప్పిన జిప్ఫ్ మాటతో నాకు ఒక దారి దొరికింది. పూర్తిగా ఆపేయాలన్న దగ్గర కొంచెం తగ్గుతాను. కాండిడ్, ఫ్రూగల్, అబండంట్ లాంటి పెద్ద మాటలకు జాబితా ఉండనివ్వండి, అర్థం పెద్దగా మారదు. సెట్, రన్, టేక్, ఫెయిర్, ఫైన్, కేస్ మాత్రం జాబితాలోంచి తీసేసి, ఒక్కో అర్థానికి ఒక్కో చిన్న వాక్యం ఇవ్వాలి. పక్కన తెలుగు క్రియ కూడా. తమ్ముడూ, క్లోజ్ టెస్ట్‌లో ఖాళీ నింపేటప్పుడు నీకు అక్కరకొచ్చేది ఈ వాక్యాలే.

చిత్తూరు అభ్యర్థి:
పెద్ద మాటల సంగతి ఒప్పుకున్నాను మేడమ్. చిన్న మాటలకు 430 వాక్యాలు చదివే టైం మాత్రం నాకు లేదు. ఏ అర్థాలు ముందు, ఏవి వదిలేయొచ్చు అన్నది మీరే తేల్చాలి. అప్పటిదాకా నా జాబితా నా దగ్గరే ఉంటుంది.

బాలాజీ కాలనీ టీచర్:
న్యాయమైన మాట. సెట్‌కు పది, రన్‌కు పది అర్థాలతో మొదలుపెట్టి ఇక్కడే పెడతాను. పాత ప్రశ్నపత్రాల్లో వచ్చినవే ముందు. తప్పులుంటే సార్ దిద్దాలి.