పవర్ మిషన్‌ల పై దారం ఊకె తెగుతున్నది, ప్యాంటు జాయింట్ల దగ్గర మరీ ఎక్కువ

దేవరకొండ_కుట్టు:
బడి యూనిఫాంల పని నడుస్తున్నది. మూడు సింగిల్ నీడిల్ పవర్ మిషన్లు, మూడింటికీ క్లచ్ మోటర్లే (ఎప్పుడూ తిరుగుకుంట ఉండి, పెడల్ తొక్కితేనే మిషన్‌ను నడిపేవి). అందులో ఒకదాంట్ల పై దారం ఊకె తెగుతున్నది. షర్టు గుడ్డ మీద ఇబ్బంది లేదు. ప్యాంటు గుడ్డ, అంటే పాలిస్టర్ విస్కోస్ సూటింగ్ మీదికి వస్తే, వెనుక సీటు జాయింటు, నడుము పట్టీ కలిసే చోట మడతలు దాటంగనే టక్కున తెగుతది. కింది దారం తెగుతలేదు.

సూది డీబీ ఎక్స్ 1 రకం, 14 నంబరు. దారం స్పన్ పాలిస్టర్, 120 టికెట్ (దారం మందం నంబరు). అదే నంబరు కొత్త సూది వేసి చూసినం, మార్పు లేదు. పై దారం టెన్షన్ (బిగువు) వదులు చేస్తే తెగుడు కొంచెం తగ్గుతది గానీ గుడ్డ కింద ఉచ్చులు పడుతున్నయి. బడులు తెరిచేలోపు ఆర్డరు ఇయ్యాలె. ఏ వరుసల చూసుకుంట పోవాలె? హుక్ (సూది కింద తిరుగుకుంట పై దారాన్ని పట్టుకునే భాగం) మార్చాల్సి వస్తదా?

పాలమూరు_మెకానిక్:
అక్కా, హుక్ సంగతి తర్వాత. ముందు ఆ టెన్షన్ నట్టును షర్టు గుడ్డ మీద కుట్టు మంచిగ పడే కాడికి తెచ్చి వదిలెయ్యండి. దాన్ని తిప్పుకుంట పోతే అసలు కారణం దాక్కుంటది.

తెగిన దారం కొసను వెలుతురుకు పెట్టి చూడండి. దూదిలెక్క విచ్చుకుంటే ఎక్కడో గరుకుకు రాసుకుంటున్నది: సూది కన్ను, సూది దిగే ప్లేటు రంధ్రం, హుక్ ముక్కు, ఈ మూడింట్ల ఒకటి. బ్లేడుతో కోసినట్టు నున్నగ ఉంటే ఏదో అంచు పదునెక్కింది. కొసకు చిన్న గట్టి గుండు ఉండి గోటికి తగిలితే సూది వేడికి దారం కరిగింది. సాగి, సన్నబడి తెగితే టెన్షన్ ఎక్కువైంది, లేకుంటే దారం దారిల ఎక్కడో పట్టేసింది. పురి విప్పుకుని పోగులు వేరైతే దారం పురే తప్పు. జెడ్, ఎస్ అంటే పురి తిరిగిన దిక్కులు. ఈ మిషన్లకు జెడ్ పురి కావాలె, ఎస్ పురి దారం కుడుతుంటెనే విప్పుకుంటది.

మూడు మిషన్లున్నయి కాబట్టి మీకొక సులువున్నది. మంచిగ నడిచే మిషన్ దారం కోన్ దీనికి, దీని కోన్ దానికి పెట్టండి. తెగుడు కోన్ వెంట పోతే తప్పు దారంల ఉన్నట్టు. పోకపోతే బాబిన్ కేసులు (కింది దారం డబ్బీలు) అట్లనే అటిటు మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది కారణమో తెల్వదు.

సూది పెట్టిన తీరు కూడా చూడండి. పొడుగు గాడి ఎడమకు, హుక్ వచ్చే గుంట కుడికి ఉండాలె. సూది పై దాకా పూర్తిగ ఎక్కాలె. దారం ఎడమ నుంచి కుడికి దూర్చాలె. గాడి కొంచెం పక్కకు తిరిగినా పలుచని గుడ్డ మీద నడుస్తది, మందం మీద తెగుతది.

మిర్యాలగూడ_గార్మెంట్:
ఒక చిన్న సంగతి చేరుస్తున్న. ఎండాకాలం రేకుల షెడ్లల్ల కూలర్, ఫ్యాన్ గాలి నేరుగ దారం స్టాండు మీదికి కొడతది. స్టాండు నుంచి వదులుగ వచ్చే దారం ఊగి కోన్ కింద పుల్లకు చుట్టుకుంటది, వేగం పెంచంగనే లాగి తెంపుతది. మెకానిక్ అన్న చెప్పిన "సాగి తెగుడు" చాలాసార్లు ఇదే. స్టాండు మీది కొక్కెం కోన్‌కు సరిగ్గ నడిమధ్య పైన, కోన్ ఎత్తుకు రెండింతల కంటె ఎక్కువ ఎత్తుల ఉండాలె. ఫుట్ (గుడ్డను నొక్కి పట్టేది) పైకి లేపి దారం లాగితే అడ్డు లేకుండ రావాలె, దించి లాగితే ఒకే బిగువుతోటి రావాలె. ఫుట్ లేపినా బిగువుగనే వస్తే టెన్షన్ డిస్కుల మధ్య దుమ్మో దారం ముక్కో ఇరికింది. మందం గుడ్డ ముక్కను డిస్కుల మధ్య పెట్టి అటిటు లాగితే వస్తది.

దేవరకొండ_కుట్టు:
కోన్ మార్చి చూసినం, తప్పు ఈ మిషన్‌లనే ఉన్నది. బాబిన్ కేసు మార్చినా అంతే. ఫుట్ లేపితే దారం సాఫుగ వస్తున్నది. కొసలు రెండు తీర్ల ఉన్నయి: జాయింటు మీద తెగినవి దూదిలెక్క, పొడుగు కుట్టుల వేగంగ పోయేటప్పుడు తెగినవాటికి చిన్న గుండు. ప్లేటు రంధ్రం అంచుకు ఒక గీత కూడా కనిపిస్తున్నది.

పాలమూరు_మెకానిక్:
అయితే ఒక కారణం కాదు, రెండు.

మొదటిది గరుకు. మందం జాయింటు మీద గుడ్డను చేతితో లాగితే సూది వంగుతది. 14 నంబరు సూది మందం 0.90 మి.మీ. మాత్రమే, నాలుగు మడతల సూటింగ్‌కు అది చాలదు. వంగిన సూది ప్లేటు అంచుకు కొడితే మీకు కనిపించిన గీత పడ్డది. ఇంకొంచెం వంగితే హుక్ ముక్కుకు కొడతది. ఒక్కసారి గీత పడ్డదంటే ఎన్ని కొత్త సూదులు వేసినా దారం అక్కడ రాసుకుంటనే ఉంటది. ప్రతి దారం ముక్కా కుట్టుల కూర్చునేలోపు సూది కన్నుల నుంచి పదుల సార్లు పైకీ కిందికీ పోతది, అందుకే చిన్న గరుకైనా పెద్ద నష్టం.

మెయిన్ ఆఫ్ చెయ్యండి. క్లచ్ మోటర్ ఆఫ్ చేసినంక కూడా లోపల చక్రం కొంతసేపు తిరుగుతది. పెడల్ తొక్కి పూర్తిగ ఆగేదాక ఉండండి. సూది, ఫుట్, ప్లేటు, బాబిన్ కేసు తియ్యండి. హుక్ ముక్కు, దాని వెనుక అంచుల మీద దూదిని మెల్లగ జరపండి, పోగు చిక్కిన చోటే గరుకు. 1200 నంబరు వాటర్ పేపరును సన్నని పట్టీగ కోసి ఆ చోటే రుద్దండి, తర్వాత 2000తోటి. ముక్కు కొసను మొద్దు చెయ్యొద్దు, మొద్దైతే కుట్టు తప్పుతది. ముక్కు విరిగినా కొస వంగినా పాలిష్‌తోటి కాదు, హుక్ మార్చాల్సిందే. ప్లేటు రంధ్రంల లోతు గీత ఉంటే ప్లేటు మార్చండి, అది హుక్ కంటె చానా చౌక. అంతా అయినంక పొడి తుడిచి హుక్‌కు ఒక చుక్క తెల్ల మిషన్ ఆయిల్ వెయ్యండి.

రెండోది వేడి. నిమిషానికి 4000 కుట్లంటే సెకనుకు 66 సార్లు సూది గుడ్డల దూరుతది. దట్టమైన సింథటిక్ గుడ్డల ఆ రాపిడికి సూది బాగ కాలుతది, పాలిస్టర్ 250 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతది. దారం కదులుతున్నంతసేపు కొంత వేడిని గుంజుకపోతది. మిషన్ ఆగంగనే కన్నుల ఉన్న ముక్క కదలకుండ ఉండి కరుగుతది. అందుకే పొడుగు కుట్టు చివర ఆగి, మళ్ళ మొదలుపెట్టంగనే తెగుడు కనిపిస్తది. ప్యాంటు పనికి వేగం 3000 దగ్గర పెట్టండి. మీది క్లచ్ మోటర్ కాబట్టి పుల్లీ మార్చాలె. మోటర్ 2880 తిరుగుళ్లదైతే: మోటర్ పుల్లీ 100 మి.మీ., మిషన్ చక్రం 70 ఉంటే వేగం సుమారు 4100. అదే మోటర్‌కు 75 పుల్లీ వేస్తే సుమారు 3080. వ్యాసం బెల్టు కూర్చునే గాడి దగ్గర కొలవండి. బెల్టు వదులైతది, మోటర్ బ్రాకెట్ కిందికి దించి సరిచెయ్యండి.

గద్వాల_దారాలు:
దారం గురించి. టికెట్ నంబరు పెరిగితే దారం సన్నగైతది. ప్యాంటు సీటు జాయింటుకు 120 సన్నం, 80 టికెట్ వాడండి. 80 దారానికి 16 నంబరు సూది, అంటే 1.00 మి.మీ., సరిపోతది. సరిపోయిందో లేదో చూసుడు సులువు: సూదిని దారానికి ఎక్కించి, దారాన్ని ఏటవాలుగ బిగించి పట్టుకోండి. సూది తన బరువుకు జారాలె. ఆగిపోతే కన్ను చిన్నది. షర్టు పనికి మాత్రం 120 దారం, 11 లేదా 14 సూదే ఉంచండి, పలుచని గుడ్డకు 16 వేస్తే రంధ్రాలు కనబడతయి.

కోన్లను కిటికీ పక్క ఎండల పెట్టొద్దు. నెలల తరబడి ఎండ తగిలిన పై పొరలు బలం తప్పుతయి. కొంత దారం తీసేస్తే లోపలిది బాగనే ఉండొచ్చు, రెండు చేతుల మధ్య తెంపి చూస్తే తేడా తెలుస్తది. వేడి తెగుడుకు దారం దారిల చిన్న స్పాంజి పెట్టి సిలికాన్ ఆయిల్ రెండు చుక్కలు వెయ్యండి. మిషన్ ఆయిల్ వెయ్యొద్దు, గుడ్డకు మరక పడతది.

పాలమూరు_మెకానిక్:
దారాల అన్న మాట నిజమే, గానీ 14 నుంచి 16కు మారితే ఒకటి మరువొద్దు. సూది మందం 0.10 పెరుగుతది, అందులో సగం, 0.05, హుక్ వైపు వస్తది. సూదికి, హుక్ ముక్కుకు నడుమ సందు 0.04 నుంచి 0.10 మి.మీ. ఉండాలె. ఇప్పటికే 0.04 ఉంటే కొత్త సూది ముక్కుకు తాకి మళ్ళ గరుకు పడతది. సిగరెట్ ప్యాకెట్ లోపలి సన్న కాయిదం దూరుతదా అని కొందరు చూస్తరు, నా లెక్కల ఫీలర్ గేజే (సందు కొలిచే సన్న రేకులు) నయం.

టైమింగ్, అంటే సూది, హుక్ కలిసే వేళ, కూడా అప్పుడే చూడండి. జూకీ డీడీఎల్ 8700 తీరు మిషన్లల్ల నీడిల్ బార్ (సూదిని పట్టుకునే కడ్డీ) మీద గీతలుంటయి. డీబీ సూదికి పైన ఉన్న రెండే లెక్క. బార్ పూర్తిగ కిందికి వచ్చినప్పుడు మొదటి గీత కింది బుష్ (బార్ జారే గొట్టం) అంచుకు సరిపోవాలె. చక్రం మీ వైపుకు తిప్పుకుంట, రెండో గీత అదే అంచుకు వచ్చేదాక బార్‌ను లేపండి. అప్పుడు హుక్ ముక్కు సూది నడిమధ్యకు, కన్నుకు కొంచెం పైకి రావాలె. తేడా ఉంటే హుక్ స్క్రూలు వదులు చేసి జరపండి, బిగించినంక మళ్ళ ఒకసారి చేతితో తిప్పి చూడండి.

మిర్యాలగూడ_గార్మెంట్:
త్రీ ఫేజ్ మోటర్లు వాడేటోళ్లకు ఇంకో మాట. కరెంటు పని చేసినంక రెండు ఫేజులు తారుమారైతే మోటర్ ఉల్టా తిరుగుతది. మిషన్ చక్రం పై భాగం కుట్టేవాళ్ల వైపు రావాలె. అటు పోతుంటే మొదటి కుట్టుకే దారం చిక్కుపడి తెగుతది.

దేవరకొండ_కుట్టు:
హుక్ ముక్కు వెనుక అంచుకు దూది చిక్కింది, కొస బాగనే ఉన్నది. పాలిష్ చేసి, ప్లేటు కొత్తది వేసి, ప్యాంటుకు 80 దారం, 16 సూది పెట్టినం. సందు 0.05 కాడ సరిచేసినం. జాయింట్ల మీద తెగుతలేదు. గుండు కొసలు మాత్రం ఇంకా అప్పుడప్పుడు వస్తున్నయి, పుల్లీ ఇంకా మార్చలే. సన్న దారానికి పెట్టిన టెన్షనే 80 దారానికి ఉంచాల్నా?

పాలమూరు_మెకానిక్:
ఉంచొద్దు. 80 దారం మందం, అదే నట్టు కాడ ఎక్కువ బిగుస్తది. ముందు కింది దారం: బాబిన్‌ల అదే 80 దారం పదింట ఎనిమిదొంతులు నింపి, కేసును దారం పట్టుకుని వేలాడదీయండి. ఊరికె జారిపోవద్దు, చేతిని కొంచెం ఝాడిస్తే కొద్దిగ దిగి ఆగాలె. తర్వాత పై నట్టును పావు తిప్పు చొప్పున వదులు చేస్తూ అదే ప్యాంటు గుడ్డ ముక్క మీద, మడతలు పెట్టి కుట్టి చూడండి. రెండు దారాల ముడి గుడ్డ మధ్యల పడాలె. షర్టుకు, ప్యాంటుకు వేరే వేరే మిషన్లు పెట్టుకుంటే ఈ మార్చుడు రోజూ ఉండదు. గుండు కొసలు పుల్లీ మారేదాక వస్తనే ఉంటయి, అప్పటిదాక ఆ స్పాంజి, సిలికాన్ పెట్టి పెడల్ సగమే తొక్కమనండి.