‘లేడీ ఇన్ ద లేక్’: హీరో తెగువా, హీరో దర్పమా?

మూర్తి: హాలీవుడ్ హీరో రాబర్ట్ మాంట్‌గోమరీ దర్శకుడిగా పేరు వేసుకున్న మొదటి సినిమా ఇది. 1947లో ఎంజీఎం స్టూడియో విడుదల చేసింది. డిటెక్టివ్ మార్లో వేషమూ ఆయనదే. అయినా కెమెరానే మార్లో కళ్లు, కథంతా ఆ కళ్లతోనే చూస్తాం. ఎవరైనా కొడితే పిడికిలి నేరుగా మన ముఖం మీదికి వస్తుంది. పేరున్న హీరో తన ముఖాన్నే వదులుకోవడం తెగువ కాదా?

శారద: ఎక్కడ వదులుకున్నాడండీ? మొదట్లోనే బల్ల దగ్గర మనకెదురుగా కూర్చుని కథ చెబుతాడు. అద్దాల్లో సరేసరి.

మూర్తి: అద్దంలో చూసుకుంటే ఎవరి ముఖం వారికి కనబడదా? అది నియమం తప్పడం కాదు.

శారద: నేను అడిగింది బల్ల గురించి.

రాజు: అరగంటకే నిద్ర పట్టేసింది.

కెమెరా సహాయకుడు: ఇలాంటి హీరో దర్శకుడి దగ్గర నేనూ పనిచేశాను. పేరు అనవసరం. ఎదుటి నటుడు డైలాగు చెబుతున్నా కెమెరా తన మీదే ఉండాలి. ఆయన క్లోజప్ కోసం లైట్లు మార్చీ మార్చీ పొద్దు గూకేది. షాట్ చెడితే తిట్లు మాకు, బాగుంటే మెప్పు ఆయనకు.

మూర్తి: ఎవరో చేసిన పాపాన్ని మాంట్‌గోమరీ నెత్తిన రుద్దుతారేమిటి? ‘దే వర్ ఎక్స్‌పెండబుల్’ తీస్తూ దర్శకుడు జాన్ ఫోర్డ్ కాలు విరగ్గొట్టుకుంటే, మిగతా పని నడిపించింది ఈయనే. టైటిల్స్‌లో దర్శకుడిగా పేరు కూడా పడలేదు.

కెమెరా సహాయకుడు: దానికి దండం పెడతాను. కానీ స్టార్ కాకపోతే ఎంజీఎం ఈ ప్రయోగానికి డబ్బు పెట్టేదా? ఏళ్ల తరబడి సహాయకుడిగా అరిగిపోయినవాడు ఇదే ఆలోచన చెబితే గేటు దాటనిచ్చేవారా?

మూర్తి: అలా చెప్పండి! మీ కడుపుమంట సినిమా మీద కాదన్నమాట. ఇంతసేపూ నా బుర్ర తినడం దేనికి?

శారద: ఆయన్ను ఎద్దేవా చేయకండి. హీరోయిన్ ఆడ్రీ టోటర్ ఊసు ఒక్కరైనా ఎత్తారా? ఎదుట మనిషి ముఖం ఉండాల్సిన చోట లెన్స్. దాన్ని చూస్తూనే ఎగతాళి చేయాలి, కోప్పడాలి, చివరికి ప్రేమించాలి. కష్టమంతా ఆమెది, తెగువ బిరుదు ఆయనది! పైగా ఆయన తెర మీద లేనప్పుడు కూడా ప్రతి పాత్రా ఆయన్నే చూస్తూ మాట్లాడాలి. ఇంతకంటే దర్పం ఏముంటుంది?

మూర్తి: అదే ఏడాది ఆయనే తీసిన ‘రైడ్ ద పింక్ హార్స్’ చూసి మాట్లాడండి. అందులో రంగులరాట్నం నడిపే పాంచోగా థామస్ గోమెజ్‌కు సహాయ నటుడి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పక్కవాడిని ఎదగనివ్వని దర్శకుడి సినిమాలో అది సాధ్యమేనా?

శారద: గోమెజ్ బాగా చేశాడు, కాదనను. అయితే అక్కడ ఆయన ఎదుట మనిషి ఉన్నాడు, లెన్స్ కాదు.

కెమెరా సహాయకుడు: ఆ నామినేషన్‌తో నా ప్రశ్నకు జవాబు రాలేదు మూర్తిగారూ. ఆ రోజుల్లో హీరో కాని కొత్త దర్శకుడెవరికైనా పెద్ద స్టూడియో మొదటి సినిమాకే ఇంత స్వేచ్ఛ ఇస్తే, ఆ పేరు చెప్పండి.

మూర్తి: ఆర్సన్ వెల్స్. 1941, ‘సిటిజన్ కేన్’, ఆర్‌కేఓ.

కెమెరా సహాయకుడు: ఆయనా అందులో హీరోయే కదండీ!