కుస్కో నుంచి వస్తూ లిమాలో ఒక్క పగలు, ఏం చూడొచ్చు?

హన్మకొండ జంట:
అన్నలూ, అక్కలూ, జులై చివర్లో డాలస్‌లో మా తమ్ముడింటికి పోయి అక్కడి నుంచి నేనూ మా ఆవిడా పెరూ పోతున్నాం. మాచు పిచ్చు ప్లాన్ అంతా సెట్. తిరిగొచ్చేటప్పుడు కుస్కో ఫ్లైట్ పొద్దున పదికి లిమాలో దిగుతుంది, డాలస్ ఫ్లైటేమో రాత్రి పదకొండున్నరకు. అంతసేపు ఎయిర్‌పోర్టులో కూర్చోవడం నా వల్ల కాదు. లార్కో మ్యూజియం, పాత లిమా చర్చిలు, సముద్రం, రాత్రి ఫౌంటెన్ల షో అన్నీ రాసుకున్నా, అవుతాయా? ఆమె పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. స్పానిష్ ఇద్దరికీ రాదు.

ఖాజీపేట కుర్రోడు:
అన్నీ కావు అన్నా. ఎయిర్‌పోర్టు కాయావ్‌లో, సముద్రం ఒడ్డు మిరాఫ్లోరెస్ ఊరికి ఇంకో మూల. సాయంత్రం ట్రాఫిక్ ఎట్లుంటదంటే, పెళ్లిళ్ల సీజన్‌లో మన హంటర్ రోడ్డు అనుకో. నన్నడిగితే పాత ఊరు ఒక్కటి చాలు. ప్లాజా మయోర్ అనే పాత ఊరి పెద్ద చౌక్ చుట్టూ తిరిగి, శాన్ ఫ్రాన్సిస్కో మఠం కిందున్న సమాధుల్లోకి దిగండి. లోపల బావి లాంటి గుంతలో పుర్రెలు, ఎముకలు గుండ్రంగా వరుసలు పేర్చి ఉంటాయి. వదినకు భయమైతే పైన లైబ్రరీ చూడమను. మీ తేదీ 28 మాత్రం కాదు కదా? అది వాళ్ల స్వాతంత్ర్య దినం (1821). ప్రెసిడెంటు కెథడ్రల్‌కు వస్తాడు, ప్లాజా చుట్టూ రోడ్లు మూసేస్తారు.

హన్మకొండ జంట:
28నే అన్నా! టికెట్లు మార్చలేం.

సివిల్ ఇంజనీర్, ములుగు:
అయితే పాత ఊరు మర్చిపోయి మిరాఫ్లోరెస్ పోండి. ఇళ్ల మధ్యలో వాకా పుక్యానా అని మట్టి ఇటుకల పిరమిడ్ ఉంది, పదిహేను వందల ఏళ్ల నాటిది. దగ్గరికి పోయి గోడ చూడండి, ఇటుకలు పడుకోబెట్టలేదు, నిలబెట్టి మధ్యలో సందులు వదిలారు. భూకంపం వస్తే కదిలి సర్దుకుంటుంది కానీ కూలదు. మన రామప్ప పునాది కింద ఇసుక పోసిందీ అందుకేనంటారు, నాకైతే అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. లార్కో కూడా మీ దారికి పెద్ద దూరం కాదు, ముందు అది చూసేసి పోవచ్చు. సెలవు రోజు కాబట్టి రెండింటి టైమింగ్స్ ముందే చూసుకోండి. సన్‌సెట్ ఫోటోల ఆశ మాత్రం పెట్టుకోకండి, జులైలో లిమా ఆకాశం పొద్దంతా బూడిద రంగే, వాన పడదు, ఎండా రాదు, పల్చటి మంచు తుంపర. స్వెటర్ బ్యాగులో కాదు, ఒంటి మీదే ఉండాలి.

మట్టెవాడ అక్క:
తిండి సంగతి నేను చెప్తా తమ్మీ. ఆలుగడ్డ పుట్టిల్లే అది, కాబట్టి చెల్లె ఆకలితో ఉండదు. పాపా ఆ లా వాంకాయినా అడగండి, ఉడికిన ఆలు మీద చీజ్, పసుపు రంగు మిరప సాస్. పైన ఉడికిన గుడ్డు పెడతారు, ముందే వద్దని చెప్పాలి. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అని చెప్తే చికెన్ వేసిచ్చే చోట్లున్నాయి, అందుకే 'సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ ఉఏవో' (చికెన్, చేప, గుడ్డు లేకుండా) అని ఫోన్‌లో రాసుకుని చూపించండి. చిఫా అని చైనీస్ హోటళ్లు సందుకొకటి, కూరగాయల ఫ్రైడ్ రైస్ దొరుకుతుంది, అందులోనూ గుడ్డు వద్దనాలి. నల్లా నీళ్లు తాగొద్దు.

ఖాజీపేట కుర్రోడు:
రోడ్డు మీద ట్యాక్సీలకు మీటరుండదు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి, లేదంటే యాప్‌లో బుక్ చేయండి. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్ అయితే బ్యాగులు కుస్కోలోనే డాలస్ దాకా వేస్తారేమో కౌంటర్లో అడుగు. సాయంత్రం ఆరింటికల్లా మిరాఫ్లోరెస్ నుంచి బయల్దేరండి, ఫౌంటెన్ల షో వదిలెయ్ అన్నా.