కొలనోస్కోపీ తర్వాత రక్త విరేచనాలు: స్కోపులో మిగిలిన మందు వల్లేనా?

ప్రశ్న (ఎండోస్కోపీ టెక్నీషియన్, తిరుపతి):
సార్, నమస్తే. సోమవారం కొలనోస్కోపీ (పెద్దపేగులోకి స్కోపు గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకున్న ఇద్దరికి మరుసటి రోజు నుంచి కడుపునొప్పి, రక్త విరేచనాలు అంటా ఉండారు. స్కోపు వేసినప్పుడు పేగు మామూలుగానే ఉంది, బయాప్సీ (పరీక్షకు పేగు ముక్క) కూడా తీయలేదు. స్కోపును క్రిములు చంపే మందైన గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెడతా ఉండాం, మందును పరీక్షించే స్ట్రిప్ పాసయింది. ఇంక తప్పు యాడుంటుంది?

గ్యాస్ట్రో డాక్టర్:
ఇద్దరికీ వాడింది ఒకే స్కోపా? ముందు రిజిస్టర్ చూడండి. ఒకటే అయితే అనుమానం బలపడుతుంది, దాన్ని ఇవాళే పక్కన పెట్టేయండి. గ్లూటరాల్డిహైడ్ కొలైటిస్ (ఆ మందు తగిలి పెద్దపేగు వాయడం) మామూలుగా 48 గంటల్లోపే బయటపడుతుంది. పురీషనాళం, దానికి పైనుండే సిగ్మాయిడ్ భాగం ఎక్కువగా దెబ్బతింటాయి. సీటీలో పేగు గోడ చుట్టూరా వాచి ఉంటుంది. చూడటానికి రక్తప్రసరణ తగ్గి వచ్చే ఇస్కీమిక్ కొలైటిస్ లాగే ఉంటుంది కాబట్టి ఏ స్కోపు, ఎప్పుడు, ఎలా కడిగారన్న వివరమే అసలు ఆధారం. పేగుకు చిల్లు పడలేదని మాత్రం ముందు తేల్చుకోవాలి. కడుపు గట్టిపడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దు. మల పరీక్ష కూడా పంపండి. చాలామందికి సెలైన్, పేగుకు విశ్రాంతితో కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. అలాగని ఫోన్లోనే విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర వేసుకోమని చెప్పేయకండి.

ఎండోస్కోపీ ఇన్‌ఛార్జ్ సిస్టర్:
స్ట్రిప్ చెప్పేది ట్రేలోని మందు బలం ఇంకా సరిపోతుందా లేదా అన్నదే. స్కోపులో మందు మిగిలిందో లేదో దానికి తెలియదు. నానబెట్టాక ఎలా కడుగుతున్నారు?

టెక్నీషియన్:
కుళాయి కింద బయటంతా బాగా కడుగుతాం మేడం. తర్వాత టబ్బులో ముంచి, బయాప్సీ చానెల్ (స్కోపు లోపలి గొట్టం) లోకి సిరంజితో ఒకసారి నీళ్లు కొడతాం. టబ్బు నీళ్లు మూడు నాలుగు స్కోపులకు ఒకసారి మారుస్తాం.

సిస్టర్:
ఇంకేం, అక్కడే ఉంది. రెండో స్కోపు నుంచి మీరు కడుగుతున్నది పల్చటి గ్లూటరాల్డిహైడ్‌తోనే. పైగా పేగులోకి మందు వెళ్లేది బయాప్సీ చానెల్ నుంచి మాత్రమే కాదు. డాక్టరుగారు గాలి, నీళ్ల బటన్ నొక్కగానే ఆ సన్నని గొట్టాల్లో నిలిచినది నేరుగా పేగు గోడ మీద పడుతుంది. అన్ని చానెళ్లకూ కలిపి నీళ్లు పంపే ఇరిగేటర్ తగిలించండి. ఒక్కో కడుగుడుకు సుమారు 8 లీటర్ల కొత్త నీళ్లు, కనీసం ఒక నిమిషం మునక, ప్రతి చానెల్లో 100 మిల్లీలీటర్లకు తగ్గకుండా నీళ్లు. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ ఆ నీళ్లు పారబోసి. బోరు నీళ్లు వద్దు, ఫిల్టరైనవి వాడండి. సక్షన్ వాల్వు, బటన్లు విడదీసి విడిగా కడగాలి. స్కోపుకు తగిలించే నీళ్ల బాటిల్‌ను కూడా మందులో ముంచుతుంటే దాని మూత, గొట్టం సంగతి అందరూ మర్చిపోతారు. అవి కడిగాక స్టెరైల్ నీళ్లే పోయండి.

మరో సభ్యుడు:
స్కోపు శుద్ధికి గ్లూటరాల్డిహైడ్ బదులు పెరాసిటిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేవాళ్లకు ఇంకో మాట. అవి మిగిలితే మర్నాటి దాకా ఆగవు, స్కోపు లోపలుండగానే పేగు మీద తెల్లటి మచ్చలు, బుడగలు లేస్తాయి. కనిపిస్తే అక్కడే ఆపి స్కోపు మార్చండి.

టెక్నీషియన్:
చివర్లో ఆల్కహాల్ కొడతాం కదా మేడం, దాంతో మందు పోదా?

సిస్టర్:
పోదు. 70 శాతం ఆల్కహాల్, ఆ తర్వాత కొట్టే గాలి చానెల్ ఆరడానికే. అవి మూడో కడుగుడు తర్వాత వచ్చే పని. లిస్టు పెద్దదైన రోజు స్కోపు కోసం తొందరపెడితే, ఇంకో పది నిమిషాలు పడుతుందని చెప్పేయండి.