తొలియాకు గింజది, మారాకు... మానిదా, మంటిదా?

పాలమూరు ఆడపడుచు: వారం రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మా నాయనమ్మ చెలకలో ఆముదాలు పెట్టినప్పుడల్లా అనేది: "తొలియాకు గింజది, మారాకు మానిది." లేక "మంటిది", అంటే మట్టిది, అనేదా? మొన్న కుండీలో ఆముదం గింజ వేశాను. ముందు రెండాకులు వచ్చాయి, గుండ్రంగా, నున్నగా, అంచుల్లో ఒక్క గాటు కూడా లేకుండా. ఇవాళ వాటి మధ్యనుంచి మూడోది మడత విప్పుతోంది. అది చిన్నపిల్ల అరచేయిలా చీలి ఉంది. చూడగానే నాయనమ్మ మాట గుర్తొచ్చింది కానీ చివరి పదం దగ్గర ఆగిపోయాను. "మారాకు"లో మారు అంటే రెండోదనా, మారినదనా?

తెలుగు మాస్టారు: రెండోదనే అమ్మా. మారు వడ్డించడం, మారుమనువు, అన్నీ ఆ వరసే. నాటిన నారు "మారాకు వేసింది" అంటే కొత్త చోట వేరు నిలిచి మళ్ళీ ఆకు తొడిగిందని. ఇక చివరి పదానికి మాత్రలు, అంటే పలికే కాలం, లెక్కపెట్టండి: పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ సున్నా ఉన్నదానికీ రెండు. తొలియాకు ఐదు, గింజది నాలుగు. మారాకు ఐదు, మానిది నాలుగు. తూకం సరిపోయింది. పైగా రెండు మాటలకూ మొదటి అక్షరం కలిసింది, మా-మా యతి. మానిదే.

డాలస్ తెలుగు: మాస్టారూ, "మంటిది" కూడా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), నాలుగు మాత్రలే. అకారానికీ ఆకారానికీ యతిమైత్రి మీకు నేను చెప్పాలా? అసలు మొదటి సగంలో యతే లేనప్పుడు రెండో సగంలో దాన్ని సాక్ష్యానికి పిలవడం కుదరదు. మారువేషంలో, మారుపేరులో "రెండోది" అనే అర్థం ఒక్కటే ఎక్కడుంది? నా ఓటు మారిన ఆకుకే.

బోటనీ లెక్చరర్: ఛందస్సు మీరు చూసుకోండి, "గింజది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆముదం గింజను జాగ్రత్తగా నిలువునా విప్పి చూడండి. తెల్లటి పప్పు రెండు చెక్కల మధ్య కాగితంలా పల్చగా రెండాకులు అతుక్కుని ఉంటాయి, ఈనెలు కూడా కనిపిస్తాయి. మొలిచాక పచ్చబడి విచ్చుకునేవి అవే. అంటే తొలియాకు నిజంగా గింజదే! ఆ పెద్దావిడ ఎంత చూసి ఉంటే ఆ మాట అంటుంది!

రెండో సగం కూడా "మానిది" అయితేనే నాకు నచ్చుతుంది. పనస చూడండి. గింజ నుంచి వచ్చిన లేత మొక్కకు చీలికలున్న ఆకులు, చెట్టయ్యాక నిండాకులు. 1789లో లామార్క్ పెట్టిన శాస్త్రీయ నామంలోనే "హెటెరోఫిల్లస్" ఉంది, వేరువేరు ఆకులదని. రోడ్ల పక్కన పెంచే ఆస్ట్రేలియా తుమ్మకు కూడా మొలకప్పుడు మన తుమ్మలాగే సన్నటి ఈకలాకులు. ఆ తర్వాత మనం ఆకు అనుకునేది అసలు ఆకే కాదు, వెడల్పయిన కాడ. మొక్క లేతగా ఉన్నప్పుడు మైఆర్ 156 అనే, జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉంటుంది. వయసుతో అది తగ్గుతుంటే ఆకు రూపం మారుతుంది. మట్టి అదే, మాను ఎదిగింది.

కడియం నర్సరీ: లెక్చరర్ గారూ, మా దగ్గరికి ఒకసారి రండి. కుండీలో వేలాడే మనీ ప్లాంట్ ఆకు అరచేతిలో పడుతుంది. అదే తీగను కొబ్బరిచెట్టుకు పాకిస్తే పైకెళ్ళేకొద్దీ ఆకు చేటంత అయి చీలికలు పడుతుంది. పైనుంచి ముక్క తెచ్చి మళ్ళీ వేలాడదీస్తే కొత్తాకులు చిన్నబోతాయి. వయసొక్కటే అయితే వెనక్కి ఎలా వెళ్తుంది? వరి మళ్ళలో, చెరువుల్లో పెరిగే లిమ్నోఫిలాకు నీళ్ళలో ఉన్నంతమేరా దారాల్లాంటి ఆకులు, అదే కాడ నీటిపైకి తేలాక వెడల్పాకులు. చోటును బట్టే ఆకు. "మంటిది" అనే మాటకే నేను నిలబడతాను.

డాలస్ తెలుగు: మంటి అంటే ఇక్కడ చోటు, తావు. బాగుంది!

తెలుగు మాస్టారు: ఆకు మాట వచ్చింది కాబట్టి పోతన గారిని తలచుకోకుండా ఉండలేను. "లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల సేరునే కుటజములకు". లేత మామిడి చిగుళ్ళు తిని మైమరచే కోయిల కొడిసె చెట్లకు పోతుందా అని. ఆ "చొక్కు" దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. చాలామంది "చేరునే" అని చదువుతారు, సేరునే అనాలి. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లవుతాయి. ఆ పద్యంలోనే "మధుపంబు వోవునే" ఉంది కదా.

డాలస్ తెలుగు: ఈ సూత్రం రాసిన వ్యాకరణకర్త చిన్నయసూరి "బహుళంబుగా" అన్నాడు మాస్టారూ, అంటే ఒక్కోచోట అవుతుంది, ఒక్కోచోట కాదు. చేరునే తప్పెలా అవుతుంది?

తెలుగు మాస్టారు: తప్పనలేదు నాయనా, చెవికి సేరునే ఇంపు అన్నాను.

బోటనీ లెక్చరర్: మాస్టారు చెప్పిన పల్లవంతోనే నా మాట తేలుతుంది. మామిడి చిగురు రాగిరంగులో మెత్తగా వేలాడి, తర్వాత పచ్చబడి బిరుసెక్కుతుంది. అక్కడ మారేది ఒకే ఆకు. ఆముదంలో తొలియాకు ఎప్పటికీ చీలదు, గుండ్రంగానే పండి రాలిపోతుంది. మొక్క వేరే ఆకు వేస్తుంది. కాబట్టి మారాకు మారిన ఆకు కాదు, మారిన మొక్క వేసిన ఆకు. కొత్తిమీర పూతకు వచ్చినప్పుడు చూడలేదూ? కింద వెడల్పాకులు అలాగే ఉంటాయి, పైన సోంపులా సన్నగా వస్తాయి.

కడియం నర్సరీ: కొత్తిమీర విషయంలో ఒప్పుకుంటాను. ఎండ ముదిరితే అది త్వరగా పూతకొచ్చేస్తుంది, అందుకే చోటు సంగతి మాత్రం వదలను.

పాలమూరు ఆడపడుచు: మా మేనత్తకు ఫోన్ చేశాను. నాయనమ్మ "తొలియాకు" అనేదే కాదట, "తొలాకు" అనేదట. చివరి పదం "మనది" అట! తొలాకు గింజది, మారాకు మనది. మారాకు వచ్చేదాకా పురుగో పక్షో కొట్టేస్తుందని భయం, అది వచ్చిందంటే పంట మనదేనని.

తెలుగు మాస్టారు: తొలేకాదశిలా తొలాకు, నిజమే. తొలాకు నాలుగు, గింజది నాలుగు: ఎనిమిది. మారాకు ఐదు, మనది మూడు: ఎనిమిది! ఇదీ తూగింది తల్లీ.

డాలస్ తెలుగు: అయితే మారు మళ్ళీ "రెండోది" అయిందా? నేను ఒప్పుకోను.

పాలమూరు ఆడపడుచు: ఇంకోసారి అనమని అడిగాను. అత్తకు పళ్ళు లేవు, సిగ్నల్ కూడా సరిగ్గా లేదు. ఈసారి నాకు "మానిది" అనే వినిపించింది. ఆదివారం ఊరికెళ్ళి ఎదురుగా కూర్చుని అడుగుతాను.