అప్‌డేట్: బాబు పేరు ఫిక్స్ అయిందండీ!

మా ఆయన ఏ పేరూ తేల్చట్లేదు, పూటకో పేరు మారుస్తున్నారు అని అడిగా కదా, మీలో కొందరు చెప్పినట్టే ముందు పేరు లేకుండానే బర్త్ రిజిస్టర్ చేయించేశాం, 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు. ఆ ముక్క ఈయనకి చెప్పలేదు లెండి, చెప్తే ఏడాదంతా ఆలోచిస్తారు 😄

బాబుది రోహిణి రెండో పాదం, 'వా' వచ్చింది. బారసాల్లో పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరం చేతికిచ్చి పంతులుగారు రాయమంటే కూడా ఈయన వామనా, వాసుదేవా అని నా మొహమే చూస్తున్నారు, అత్తయ్యగారు "కృష్ణుడి నక్షత్రంరా, ఇంకా ఆలోచనేంటి" అని ఒక్క కేకేశారు, టక్కున వాసుదేవ్ అని రాసేశారు. రాశాక "చివర్లో కృష్ణ తగిలిద్దామా" అన్నారు, నేను పళ్ళెం లాగేసుకున్నా. ఇంట్లో మాత్రం అందరికీ చిన్నూనే.